ఆటోనగర్‌లో ఒక పూట

బెజవాడ చూడటానికి వెళ్ళినవాళ్ళు సాధారణంగా మూడు చూసి వస్తారు. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ గుడి ఒకటి. కృష్ణకు అడ్డంగా 1957లో పూర్తి అయిన ప్రకాశం బ్యారేజి రెండవది. ఏటికి అవతలి ఒడ్డున, ఉండవల్లిలో కొండను తొలిచి చేసిన గుహలు మూడవది. ఈ మూడూ చూడదగినవే. కాని ఆ ఊళ్ళో నాలుగవది ఒకటున్నది. దానికి గోపురమూ లేదు, టిక్కెట్టూ లేదు. అక్కడికి యాత్రికులెవరూ పోరు. అయినా రోజూ వేలమంది పోతారు. అదే ఆటోనగర్.

ఆటోనగర్ అంటే ఆటోరిక్షాలు ఉండే చోటు కాదు, పిల్లలూ! మోటారు వాహనాలకు సంబంధించిన సమస్తమైన పనులూ జరిగే పేట అన్నమాట. దాని పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. ఊరికి తూర్పు వైపున, బందరు రోడ్డుకు చేరువలో ఉంటుంది. పూర్వం ఈ మరమ్మతు షాపులన్నీ ఊరి నడుమ ఇరుకు వీధుల్లో ఉండేవి. 1960 తరవాతి సంవత్సరాలలో వాటికోసమని ఊరి అంచున ప్రత్యేకంగా ఈ పేట వెలిసింది. అది పెరిగి పెరిగి ఇప్పుడు ఒక పెద్ద ఊరంత అయింది.

ఇది బెజవాడలోనే ఎందుకు పెరిగింది? పటం తీసి చూడండి. కలకత్తా నుంచి మద్రాసుకు పోయే జాతీయ రహదారీ, పూనా నుంచి హైదరాబాదు మీదుగా బందరు పోయే జాతీయ రహదారీ ఈ ఊళ్ళోనే ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. గుంటూరు మిరపకాయలూ, నూజివీడు మామిడిపళ్ళూ, డెల్టా బియ్యమూ, కైకలూరు చేపలూ ఎక్కిన లారీలు ఎన్నో ఈ కూడలి దాటుతాయి. బండి ఆగిన చోట గడ్డివామి వెలిసినట్టు, లారీ ఆగిన చోట మేస్త్రీ వెలుస్తాడు. ఒక మేస్త్రీ ఉంటే అతనికి సామాను అమ్మే దుకాణం వస్తుంది. దుకాణం ఉంటే ఇంకో నలుగురు మేస్త్రీలు వస్తారు. నగరాలు పెరిగేది ఇలాగే.

ఆటోనగర్‌ను ముందు చెవులతో చూడాలి. మొదటి వీధిలో సమ్మెట దెబ్బలు వినిపిస్తాయి. అక్కడ లారీల కమాను పట్టీలను కొలిమిలో ఎర్రగా కాల్చి వంపు తీరుస్తారు. ఇంకో వీధిలో రంపాల చప్పుడు. అక్కడ వడ్రంగులు లారీలకు తొట్లు కడతారు. కంపెనీనుంచి వచ్చేటప్పుడు లారీకి ఇంజనూ, చక్రాలూ, ఇనప చట్రమూ మాత్రమే ఉండవచ్చు. దానికి ఒళ్ళు అమర్చేది ఇక్కడే. ఆ పక్కనే రంగులవాళ్ళు తొట్టి మీద నెమళ్ళూ, తామరపువ్వులూ, యజమాని పిల్లల పేర్లూ రాస్తూ ఉంటారు. ఇంకా ముందుకు పోతే రేడియేటర్లు అతికేవాళ్ళు, లేతు యంత్రాల మీద ఇరుసులు చెక్కేవాళ్ళు, సీట్లు కుట్టేవాళ్ళు, సొట్టలు తీసేవాళ్ళు, టైర్లకు కొత్త తొడుగు వేసేవాళ్ళు. ఒకప్పుడు పల్లెలో కమ్మరీ, వడ్రంగీ, కుట్టుపనివాడూ ఒకే బండికోసం ఎలా పాటుపడేవాళ్ళో, ఇక్కడా అంతే. బండి మారింది, పనులు పెద్దవైనాయి.

ఈ వీధులన్నిటిలోకీ అతి నిశ్శబ్దంగా ఉండేది కరెంటుపని మేస్త్రీల వీధి. అక్కడ సమ్మెటలు లేవు. ఒక చిన్న దీపం, ఒక సూది, నాలుగు స్క్రూడ్రైవర్లు, ఇంతే సామగ్రి. ఎక్కువ భాగం పని బుర్రలో జరుగుతుంది. అందుకే నేను మీకు ఆ వీధిని గురించి వివరంగా చెప్పదలచుకున్నాను.

కారు కిటికీ అద్దాన్ని మీరందరూ చూసే ఉంటారు. అంబాసిడరు కారులో అయితే తలుపు లోపల ఒక చేతిపిడి ఉండేది. దాన్ని బావి గిలకలాగా గిర్రున తిప్పితే అద్దం కిందికి దిగేది, వెనక్కు తిప్పితే పైకి లేచేది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అద్దం కోసం చెయ్యి తిప్పే అలవాటు కూడా దాదాపు దానితోనే పోయింది. ఇప్పుడు మీట నొక్కితే చాలు, అద్దం తనంతట తాను నడుస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో ప్యాకార్డు అనే కంపెనీవారు 1940లోనే తమ ఖరీదైన కార్లకు ఇలాంటి కిటికీలు పెట్టారు. అయితే ఆ రోజుల్లో అద్దాన్ని నూనె ఒత్తిడితో ఎత్తేవాళ్ళు. తరవాత ప్రతి తలుపులోనూ ఒక చిన్న విద్యుత్తు మోటారు వచ్చి కూర్చున్నది.

ఆ తలుపు లోపల ఏముంటుందో విప్పి చూసినట్టు చెబుతాను. కారు బ్యాటరీ బలం 12 వోల్టులు. అక్కణ్ణుంచి కరెంటు ముందు ఫ్యూజు గుండా వస్తుంది. ఫ్యూజు గుమ్మం దగ్గర కాపలావాడి వంటిది. కరెంటు మితిమీరి వస్తే తాను కాలిపోయి, తక్కినవాటిని కాపాడుతుంది. ఆపైన స్విచ్చి. స్విచ్చి నుంచి తీగలు మోటారుకు పోతాయి. మోటారు ఇరుసు చివర మరమేకులాగా చుట్లు చుట్లుగా ఉంటుంది. అది ఒక పళ్ళ చక్రాన్ని మెల్లగా తిప్పుతుంది. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. మరమేకు చక్రాన్ని తిప్పగలదు గాని, చక్రం మరమేకును తిప్పలేదు. అందుచేతనే అద్దాన్ని చేత్తో ఎంత నొక్కినా కిందికి దిగదు. ఆ పళ్ళ చక్రం ఒక సన్నని ఉక్కుతాడును లాగుతుంది. కొన్ని కార్లలో తాడుకు బదులు కత్తెరలాంటి చేతులుంటాయి. తాడును గాని, కత్తెరను గాని మేస్త్రీలు రెగ్యులేటరు అంటారు. అద్దం రెండు పక్కలా రబ్బరు గాడిలో జారుతూ పైకీ కిందికీ పోతుంది.

మరి ఒకే మోటారు అద్దాన్ని ఎత్తటమూ, దించటమూ రెండూ ఎలా చేస్తున్నది? కరెంటు ఒక వైపునుంచి వస్తే మోటారు ఒక దిశలో తిరుగుతుంది. అదే కరెంటు రెండవ వైపునుంచి వస్తే ఎదురు దిశలో తిరుగుతుంది. స్విచ్చి చేసే పని అల్లా ఈ రెండు వైపులనూ తారుమారు చెయ్యటమే. ఇది గుర్తు పెట్టుకోండి. ముందు రాబోయే చిక్కుముడి దీనితోనే విడిపోతుంది.

కిందటి వానాకాలంలో నేనూ, పదేళ్ళ మా మనమరాలూ బెజవాడ నుంచి బందరు పోవటానికి ఒక టాక్సీ మాట్లాడుకున్నాం. కారెక్కేటప్పుడే చూశాం, వెనక ఎడమ తలుపుకు అద్దం లేదు. అద్దం ఉండవలసిన చోట పాలిథిన్ కాగితం టేపుతో అంటించి ఉన్నది. డ్రైవరు పాతికేళ్ళ కుర్రవాడు. సిగ్గుపడుతూ, “నిన్న ఎవరో అద్దం దించారండి. మళ్ళీ పైకి రాలేదు. ఊళ్ళో ఒక చోట చూపిస్తే మోటారు పోయింది, మోటారూ రెగ్యులేటరూ కలిపి మార్చాలి, నాలుగువేల ఎనిమిదివందలవుతుంది అన్నారు,” అన్నాడు.

“మార్పించకపోయావా, నాయనా?” అన్నాను.

“కారు వాయిదా కట్టి ఇంకా నాలుగు రోజులు కాలేదండి. చేతిలో అంత లేదు. పైగా సాయంత్రం మా చెల్లెల్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకుపోవాలి. తొమ్మిదిరోజుల పసిగుడ్డు. ఈ జల్లులో ఈ కాగితం ఆగుతుందా?” అన్నాడతను. అంటూ ఉండగానే గాలి వీచి, కాగితం ఒక మూల ఊడి, టపటపా కొట్టుకోసాగింది.

ఆటోనగర్ మా దారికి దగ్గరలోనే ఉన్నది. మాకు బందరులో తొందరేమీ లేదు. “ఒక గంట ఆగి, ఇంకొకరికి కూడా చూపిద్దాం, పద,” అన్నాను. డ్రైవరు తనకు తెలిసిన ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి కారు పోనిచ్చాడు.

మేస్త్రీ షెడ్డు చాలా చిన్నది. ఆయనకు అరవై దాటి ఉంటాయి. ఆయన దగ్గర ఐ.టి.ఐ. చదివిన ఒక కుర్రవాడు పని నేర్చుకుంటున్నాడు. “బాబాయ్, ఈ మోటారు పోయిందిట. నువ్వు కూడా ఒకసారి చూడు,” అన్నాడు డ్రైవరు. మేస్త్రీ తలుపు ముట్టుకోలేదు. స్క్రూడ్రైవరు కూడా తియ్యలేదు. ముక్కాలిపీట మీద కూర్చునే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“తక్కిన మూడు అద్దాలూ నడుస్తున్నాయా?”

“నడుస్తున్నాయి బాబాయ్.”

“అయితే ఫ్యూజు బాగానే ఉన్నదిరా,” అన్నాడు మేస్త్రీ తన శిష్యుడి వైపు తిరిగి. “ఈ బండిలో నాలుగు కిటికీలకూ ఒకటే ఫ్యూజు. అది పోతే నాలుగూ పోవాలి. ఊఁ, నీ దగ్గరున్న స్విచ్చి నొక్కితే ఈ అద్దం ఏం చేస్తుంది?”

“ఏమీ చెయ్యదు. పైకీ పోదు, కిందికీ పోదు.”

“వెనక తలుపుకు ఉన్న స్విచ్చి నొక్కితే?”

డ్రైవరు కాస్త ఆలోచించాడు. “పైకి రాదు. కిందికి మాత్రం… నిన్న సగంలో ఆగి ఉంటే వెనక స్విచ్చి నొక్కాను బాబాయ్. పైకి రాకపోగా, ఉన్న సగమూ దిగిపోయింది!”

మేస్త్రీ నవ్వాడు. “చచ్చినవాడు మెట్లు దిగుతాడా?” అన్నాడు.

పిల్లలూ, ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మా మనమరాలు కూడా ఆగింది. “తాతయ్యా, అద్దం కిందికి దిగిందంటే మోటారు తిరిగిందన్నమాటే గదా?” అన్నది. అవును. మోటారు కాలిపోతే ఏ వైపూ తిరగదు. తాడు తెగితే మోటారు ఊరికే గిర్రున మోగుతుంది గాని అద్దం నడవదు. అద్దం బుద్ధిగా దిగింది కనక మోటారూ తాడూ రెండూ క్షేమంగా ఉన్నాయని నమ్మవచ్చు. ఊళ్ళో చూసినవాళ్ళు డ్రైవరు దగ్గరున్న స్విచ్చి ఒక్కటే నొక్కి చూసి ఉంటారు. అది రెండు వైపులా పనిచెయ్యలేదు కనక మోటారు మీద నేరం మోపారు. ఇంకో స్విచ్చి సాక్ష్యం ఎవరూ అడగలేదు.

మేస్త్రీ నేలమీద సుద్దతో మూడు గీతలు గీసి, శిష్యుడికి ఇలా వివరించాడు.

“ఈ బండిలో వెనక తలుపులోకి మూడు ముఖ్యమైన తీగలు పోతాయి. ఎర్రది బ్యాటరీ నుంచి కరెంటు తెస్తుంది. పసుపుదీ, ఆకుపచ్చదీ డ్రైవరు స్విచ్చి నుంచి వస్తాయి. డ్రైవరు స్విచ్చి ముట్టుకోనంతసేపూ ఈ రెండూ బండి ఒంటికి, అంటే ఎర్తుకు, తగిలి ఉంటాయి. వెనక కూచున్న మనిషి ‘పైకి’ అని నొక్కితే కరెంటు ఎర్రతీగలో వచ్చి, మోటారు తిప్పి, ఆకుపచ్చ తీగలో ఇంటికి పోతుంది. ‘కిందికి’ అని నొక్కితే ఎర్రతీగలోనే వచ్చి, మోటారును ఎదురు తిప్పి, పసుపు తీగలో ఇంటికి పోతుంది. అదే డ్రైవరు నొక్కితే ఎర్రతీగతో పనిలేదు. కరెంటు ఒక రంగులో వచ్చి రెండో రంగులో తిరిగి పోతుంది. ఇప్పుడు చెప్పు, ఏ తీగ తెగితే ఈ లక్షణాలన్నీ కనిపిస్తాయి?”

మీరూ చెప్పండి చూద్దాం. కింది వాక్యం చదివేముందు ఒక కాగితం మీద ఆ మూడు గీతలూ గీసి ఆలోచించండి.

ఎర్రది తెగితే డ్రైవరు స్విచ్చి పనిచెయ్యాలి. పని చెయ్యటం లేదు. పసుపుది తెగితే వెనక స్విచ్చితో పైకి రావాలి, కిందికి పోకూడదు. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. కనక ఆకుపచ్చ తీగ తెగి ఉండాలి. అది తెగితే వెనకనుంచి ‘పైకి’ కుదరదు, ‘కిందికి’ కుదురుతుంది. డ్రైవరుకు రెండు తీగలూ కావాలి కనక అతనికి ఏదీ కుదరదు. మూడు లక్షణాలూ సరిపోయినాయి. మూతకూడా విప్పకముందే మేస్త్రీ నేరస్థుడి రంగు పట్టుకున్నాడు!

“రంగు తెలిసింది. ఇక ఊరు తెలియాలి,” అని మేస్త్రీ అప్పుడు లేచాడు. ఆకుపచ్చ తీగ ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా రెండు మూడు గజాల పొడవు ఉంటుంది. ఎక్కడ తెగిందో ఎలా తెలుస్తుంది? అంతా విప్పితే సాయంత్రమవుతుంది. ఆయన తలుపు లోపలి అట్ట మాత్రం ఊడదీయించాడు. పరీక్షదీపం ఒక కొసను బ్యాటరీ కరెంటుకు తగిలించి, రెండవ కొసనున్న సూదిని పసుపు తీగకు ఆనించాడు. దీపం వెలిగింది. అంటే ఆ తీగకు ఇంటికి దారి ఉన్నదన్నమాట. ఆకుపచ్చ తీగకు ఆనించాడు. దీపం వెలగలేదు. తరవాత తలుపుకూ కారు ఒంటికీ మధ్య ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు గొట్టాన్ని కొంచెం వెనక్కు లాగి, కారు వైపున అదే ఆకుపచ్చ తీగకు సూది ఆనించాడు. ఈసారి దీపం వెలిగింది! కారు వైపున బాగున్నది, తలుపు వైపున బాగాలేదు. తెగినచోటు ఈ రెంటికీ మధ్య, ఆ జానెడు రబ్బరు గొట్టంలోనే ఉండాలి.

శిష్యుడు సూదిని మళ్ళీ తలుపు వైపు తీగకు పెట్టి పట్టుకున్నాడు. మా మనమరాలు దారికి అడ్డంగా ఉన్నదని తలుపును కాస్త ముందుకు తోసింది. దీపం ఒక్కసారి చటుక్కున వెలిగి ఆరిపోయింది. “తాతయ్యా, వెలిగింది!” అని అరిచింది. మేస్త్రీ దాన్ని మెచ్చుకుని, “అమ్మలూ, అలాగే మెల్లగా వెనక్కూ ముందుకూ ఆడించు,” అన్నాడు. తలుపు ఒక వాటంలో ఉన్నప్పుడల్లా దీపం మిణుకుమంటున్నది. ఇంక సందేహం లేదు.

రబ్బరు గొట్టం పూర్తిగా జార్చి చూస్తే, ఆకుపచ్చ తీగ పైతొడుగు బాగానే కనిపిస్తున్నది. చేత్తో కొంచెం లాగితే ఒక చోట సాగింది. లోపలి రాగి అక్కడ తెగిపోయి ఉన్నది. కొసలు రెండూ ఒకదాన్నొకటి తాకీ తాకకుండా ఉన్నాయి.

రాగి ఎందుకు తెగింది? ఎవరూ కొయ్యలేదు. ఆ తలుపు తెరిచినప్పుడల్లా తీగ ఒక వైపు వంగుతుంది, మూసినప్పుడల్లా తిరిగి వస్తుంది. టాక్సీకి జనం ఎక్కువగా ఎక్కేది ఎడమ తలుపు గుండానే. రోజుకు 30 సార్లు తలుపు తెరిచారనుకోండి. ఏడాదిలో 300 రోజులు బండి తిరిగిందనుకోండి. ఆ కారు వయస్సు ఏడేళ్ళు. 30ని 300తో హెచ్చించి, మళ్ళీ 7తో హెచ్చిస్తే 63,000 సార్లు. అన్నిసార్లు వంగినందుకు ఆ తీగను మెచ్చుకోవాలి గాని తిట్టకూడదు. లోహానికి కూడా అలసట ఉన్నది. కొద్ది కొద్దిగా వంచుతూ ఉంటే అందులో కంటికి కనిపించని బీట పుట్టి, పెరిగి, ఒకనాటికి తెగుతుంది. వంతెనలు కట్టేవాళ్ళూ, విమానాలు చేసేవాళ్ళూ ఈ అలసటను లెక్కలోకి తీసుకోకుండా ఒక్క అడుగు కూడా వెయ్యరు.

తెగిన రెండు కొసలనూ మెలిపెట్టి పైన టేపు చుట్టటం రెండు నిమిషాల పని. శిష్యుడు అలా చెయ్యబోతే మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఆపాడు. “అతుకు వంగే చోట ఉండకూడదు,” అన్నాడు. టంకం వేసిన చోట తీగ బిరుసెక్కుతుంది. బిరుసుగా ఉన్నది వంగలేదు. వంగలేనిది ఆ పక్కనే తొందరగా విరుగుతుంది. అందుచేత ఆయన పాత ముక్కను రెండు వైపులా బాగా లోపలిదాకా కోసేశాడు. సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తని కొత్త తీగను, కొంచెం వదులు ఉండేటట్టుగా, మధ్యన పెట్టాడు. ఒక అతుకు తలుపు లోపల పడింది, ఇంకొకటి కారు ఒంటిలోపల పడింది. రబ్బరు గొట్టంలో అతుకే లేదు. పసుపు తీగా, ఎర్ర తీగా కూడా అంతే వయస్సువి గనక వాటికీ అలాగే చేశాడు. “వీటికీ అరవైమూడువేలు అయినాయి గదమ్మా,” అన్నాడు మా మనమరాలితో. మా లెక్క ఆయన వింటూనే ఉన్నాడన్నమాట!

బ్యాటరీ తగిలించి స్విచ్చి నొక్కాడు. అద్దం చప్పుడు లేకుండా లేచి, పైన గాడిలో ఒదిగి కూర్చున్నది. డ్రైవరు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత పాలిథిన్ కాగితాన్ని మడిచి పారెయ్యబోయి, మళ్ళీ ఎందుకో డిక్కీలో దాచుకున్నాడు. మేస్త్రీ పుచ్చుకున్న కూలి, చెప్పిన నాలుగువేల ఎనిమిదివందలలో పదోవంతు కూడా లేదు. సాయంత్రం అయిదు గంటలకు మమ్మల్ని బందరులో దింపి, అతను ఆసుపత్రికి బయలుదేరాడు. అప్పటికి వాన జోరుగా పడుతున్నది. కారు అద్దాలు నాలుగూ మూసి ఉన్నాయి.

అద్దం రానప్పుడల్లా తప్పు తీగదేనని మాత్రం అనుకోకండి. మేస్త్రీ షెడ్డులో ఒక మూల పాత మోటార్లు గుట్టగా పడి ఉన్నాయి. వాటిని చూపించి ఆయన మాకు చాలా సంగతులు చెప్పాడు. మోటారు మోగుతూ అద్దం కదలకపోతే ఉక్కుతాడు తెగిందని అర్థం. అద్దం కష్టపడుతూ, మెల్లగా, వంకరగా లేస్తే రబ్బరు గాడి ఎండి బిగిసిందని అర్థం. దానికి వంటనూనె, ఇంజనునూనె వంటివి పూయకూడదు. అవి దుమ్మును పట్టి ఉంచుతాయి, కొన్ని నూనెలు రబ్బరును ఉబ్బిస్తాయి. సిలికాన్ చమురు తుంపర కొట్టాలి. పదేపదే ఆడించిన తరవాత అద్దం నిలిచిపోతే మోటారు వేడెక్కి తనను తాను ఆపుకున్నదేమో చూడాలి. కాసేపు చల్లారనిస్తే మళ్ళీ నడుస్తుంది. వెనక అద్దాలన్నీ ఒక్కసారిగా మొరాయిస్తే ముందుగా డ్రైవరు దగ్గరున్న తాళం మీట చూడాలి. దాన్ని ఎవరో నొక్కి మరచిపోయి ఉండవచ్చు!

గుట్టలో కొన్ని మోటార్లు బురద పట్టి, తుప్పుతో ఎర్రగా ఉన్నాయి. అవి 2024 సెప్టెంబరు వరదలవి. ఆ నెల మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగునగర్ మొదలైన పేటలను ముంచేసింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి గుండా పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. అంత నీరు అంతకు ముందెన్నడూ పోలేదు. ఎన్నో ఇళ్ళతో పాటు ఎన్నో కార్లూ, ఆటోలూ, మోటారుసైకిళ్ళూ రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. నీరు తీసిన తరవాత అవన్నీ ఇలాంటి షెడ్లకే వచ్చినాయి. “ఒక్కొక్క బండి వెనక ఒక్కొక్క సంసారం నిలబడి ఉండేది, మేష్టారూ. మోటారు పోయిందని నోటితో చెప్పబోయే ముందు నాలుగుసార్లు దీపం పెట్టి చూసేవాణ్ణి,” అన్నాడు మేస్త్రీ. ఆ మాట నేను మరచిపోలేదు.

ఈ కిటికీల విషయంలో మీరు తప్పక తెలుసుకోవలసినవి రెండున్నాయి. ఆ మోటారు చూడటానికి పిడికెడే గాని, మరమేకు వల్ల దాని పట్టు చాలా గట్టిది. కిటికీలో చేతులు గాని, తల గాని పెట్టి ఉన్నప్పుడు అద్దం లేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఏదన్నా అడ్డం తగిలితే దానంతట అదే కిందికి దిగే అద్దాలు కొన్ని కార్లలో ఉన్నాయి, అన్నిటిలోనూ లేవు. అందుకని దాన్ని నమ్ముకుని వేలు పెట్టి పరీక్షించకూడదు. ఇప్పటి కార్లలో చాలావాటికి, అద్దం ఎత్తటానికి స్విచ్చిని వేలితో పైకి లాగాలి. ఎందుకంటే కిటికీ మీదికి వాలిన పిల్లల మోకాలు స్విచ్చిని పొరపాటున కిందికి నొక్కగలదు గాని పైకి లాగలేదు. చిన్న ఏర్పాటే, కాని ఎందరు పిల్లలను కాపాడుతుందో ఆలోచించండి. ఇక రెండవది. మా జిల్లాలో రోడ్ల పక్కనే కాలవలుంటాయి. కారు నీటిలో పడితే తలుపు తెరవాలని పెనుగులాడకుండా, వెంటనే బెల్టు విప్పి, అద్దం దించి, కిటికీలోంచి బయటపడాలి. మొదటి క్షణాలలో అద్దం దిగుతుంది. ఆలస్యమైతే దిగకపోవచ్చు.

ఇంటి దగ్గర చెయ్యటానికి రెండు ప్రయోగాలు చెబుతాను. పాడైపోయిన బొమ్మకారులోంచి చిన్న మోటారు తీసి, టార్చిలైటు బ్యాటరీకి తగిలించండి. అది ఎటు తిరుగుతున్నదో చూడండి. ఇప్పుడు రెండు తీగల కొసలనూ తారుమారు చెయ్యండి. ఎటు తిరిగింది? కారు స్విచ్చి చేసే పని మీ చేతులే చేసినాయి. రెండవది, కాగితాలకు పెట్టే పాత క్లిప్పు ఒకటి తీసుకుని నిటారుగా సాగదీసి, ఒకే చోట అటూ ఇటూ వంచుతూ, ఎన్నిసార్లకు విరిగిందో లెక్కపెట్టండి. తక్కువగా వంచితే ఎక్కువసార్లు ఆగుతుంది, ఎక్కువగా వంచితే తక్కువసార్లకే విరుగుతుంది. విరిగిన కొస గుచ్చుకుంటుంది, జాగ్రత్త. ఇంట్లో గోడకుండే ప్లగ్గు జోలికి ఎంతమాత్రం పోవద్దు. అది 230 వోల్టులు. మన ప్రయోగాలకు ఒకటిన్నర వోల్టు చాలు.

మీరు ఎప్పుడైనా బెజవాడ వస్తే అమ్మవారి కొండా, బ్యారేజీ, ఉండవల్లి గుహలూ చూడండి. తరవాత పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఆటోనగర్‌కు కూడా ఒక పూట వెళ్ళండి. సమ్మెట వీధిలో ఎక్కువసేపు నిలబడండి, అది చూడముచ్చటగా ఉంటుంది. కాని చప్పుడు లేని వీధిలో ఎవరైనా ముక్కాలిపీట మీద కూర్చుని, పనిముట్టు ముట్టుకోకుండా, “తక్కినవి నడుస్తున్నాయా?” అని అడుగుతూ ఉంటే, అక్కడ తప్పకుండా ఆగి వినండి.